తాతయ్య చెవికి... టీవీ మాట!

రాత్రి ఎనిమిదిన్నర. హాల్లో సీరియల్ వస్తోంది. తాతయ్యకు మాటలు సరిగ్గా వినిపించడం లేదు. రిమోట్ అందుకుని సౌండు పెంచారు. పక్కగదిలో చదువుకుంటున్న మనవరాలు దభీమని తలుపేసుకుంది. వంటింట్లోంచి కోడలు వచ్చింది. 'మామయ్యా, కాస్త తగ్గిస్తానండీ. దానికి రేపు పరీక్ష' అంది. తాతయ్య ఏమీ అనలేదు. కాసేపు బొమ్మలు చూసి, లేచి తన గదిలోకి వెళ్లిపోయారు.

చాలా ఇళ్లలో రోజూ జరిగేదే ఇది. తప్పు ఎవరిదీ కాదు. అయినా పెద్దాయన ఒంటరైపోతారు. ఈ చిక్కు తీర్చే దారి ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసా? ఒకప్పుడు కుర్రకారు రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి సినిమా పాటలు పంపుకునేవారే... ఆ బ్లూటూత్ నుంచే!

రాజుగారి పేరు

1994. స్వీడన్‌లోని లుండ్ పట్టణం. సెల్‌ఫోనుకూ హెడ్‌సెట్‌కూ మధ్య తీగ లేకుండా చేయాలనుకుంది ఎరిక్సన్ కంపెనీ. ఆ పని నెదర్లాండ్స్‌కు చెందిన ఇంజినీరు యాప్ హార్ట్‌సెన్‌కు అప్పగించింది. అప్పటికే ఇన్‌ఫ్రారెడ్ ఉంది కానీ, రెండు పరికరాలూ ఎదురెదురుగా ఉండాల్సిందే. మధ్యలో చెయ్యి అడ్డొచ్చినా అంతే సంగతులు! అందుకే రేడియో తరంగాలను ఎంచుకున్నారు.

అయితే ఒక్క కంపెనీ పరికరాలే మాట్లాడుకుంటే లాభమేంటి? 1998లో ఎరిక్సన్, నోకియా, ఐబీఎం, ఇంటెల్, తోషిబా జట్టు కట్టాయి. అంతకు ఏడాది ముందే ఇంటెల్ ఇంజినీరు జిమ్ కార్డాక్ ఓ పేరు సూచించారు. పదో శతాబ్దంలో డెన్మార్క్ తెగలను ఏకం చేసిన రాజు హరాల్డ్‌కు 'బ్లూటూత్' అని మారుపేరు. అంటే నీలిపన్ను! తాత్కాలికంగా పెట్టుకున్న ఆ పేరే స్థిరపడిపోయింది. ఆ రాజు పేరులోని తొలి అక్షరాలను ప్రాచీన లిపిలో కలిపి రాస్తే వచ్చిందే ఇప్పుడు ఫోన్లలో కనిపించే గుర్తు.

గెంతుతూ మాట్లాడుతుంది

బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు లైసెన్సు అక్కర్లేదు. వైఫై, మైక్రోవేవ్ ఓవెన్... అన్నీ అక్కడే. మరి ఆ సంతలో మాట వినపడేదెలా? దారిని 79 సన్నని బాటలుగా విడగొట్టి, సెకనుకు 1600 సార్లు ఒకదాన్నుంచి మరోదానికి గెంతుతుంది. ఒక బాటలో గోలగా ఉంటే మాట మరో బాటలో చేరుతుంది. ఇలాంటి ఉపాయానికే 1942లో హాలీవుడ్ నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ పేటెంటు పొందారు. శత్రువులు టార్పెడోలను దారి తప్పించకుండా ఉండాలన్నది వాళ్ల ఆలోచన.

పొదుపే పెద్ద మలుపు

మొదట్లో ఫోన్లలో వాడిన బ్లూటూత్ సుమారు పది మీటర్లు చేరేది. బ్యాటరీని మాత్రం బాగానే తినేది. 2010లో వచ్చిన నాలుగో వెర్షన్ ఆ తిండి తగ్గించింది. చిన్న బటన్ బ్యాటరీతోనే కొన్ని పరికరాలు నెలల తరబడి పనిచేయడం మొదలైంది. అయితే ఈ పొదుపు పద్ధతిలో పాటలూ మాటలూ పంపేందుకు అందరికీ ఒకే విధానం అంటూ లేదు. చెవిలో ఇమిడే వినికిడి యంత్రానికి కావాల్సింది సరిగ్గా అదే!

ఆ లోటును 2020లో ప్రకటించిన 'ఎల్ఈ ఆడియో' తీర్చింది. తక్కువ సమాచారంతోనే మంచి ధ్వని ఇవ్వడం దీని ప్రత్యేకత. ఇందులోనిదే 'ఆరాకాస్ట్'. రేడియో స్టేషన్ మాదిరిగా ఒక్క టీవీ పంపే ధ్వనిని, దగ్గరున్న ఎందరైనా తమతమ చెవుల్లో వినొచ్చు. ఎవరి సౌండు వారిదే. పక్కింటివాళ్లు వింటారన్న భయముంటే పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం 43 కోట్ల మందికి పైగా వినికిడి లోపానికి చికిత్సో, యంత్రమో, మరో సాయమో అవసరం. గుడి, బడి, రైల్వేస్టేషన్... అంతటా ఈ ఏర్పాటు వస్తే ప్రకటనలు నేరుగా వాళ్ల చెవికే చేరతాయి.

కొనేముందు...

టీవీ, వినికిడి యంత్రం రెండింటిలోనూ ఈ సౌకర్యం ఉండాలి. పెట్టె మీద బ్లూటూత్ గుర్తు ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆరాకాస్ట్ ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి. అంతకంటే ముందు నిపుణులతో వినికిడి పరీక్ష చేయించాలి. యంత్రాన్ని ఆ లోపానికి తగ్గట్టు వాళ్లే సరిచేస్తారు.

ఫోనుకున్న తీగ తీసేయాలని మొదలైన పని ఇది. ఇప్పుడు అదే తాతయ్యను మళ్లీ హాల్లో, అందరి మధ్యా కూర్చోబెట్టగలదు. మనవరాలు తలుపేసుకోనక్కర్లేదు, ఆయన లేచి వెళ్లనక్కర్లేదు!