జూదము - తలంపునకు చికిత్స

ధర్మరాజు నిండుసభలో ఓడినాడు. నేటి జూదరి అర్ధరాత్రి సెల్‌ఫోనులో పేకాడి, ఇంటిల్లిపాదికి తెలియకుండ ఓడుచున్నాడు. మన రాష్ట్ర ప్రభుత్వము 2020లో ఆన్‌లైన్ జూదమును నిషేధించినది. డబ్బు పందెముగల ఆన్‌లైన్ ఆటలను దేశమంతట నిషేధించుచు పార్లమెంటు 2025లో చట్టము చేసినది. చట్టము ఆటను ఆపగలదు. "పోయినదంతయు మరొక్క ఆటలో రాబట్టెదను" అను తలంపును ఆపజాలదు.

కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అను చికిత్స పట్టుకొనునది ఈ తలంపునే. పాచికకు జ్ఞాపకము లేదు. పదిమార్లు ఓడినంత మాత్రమున పదునొకండవమారు గెలుపు దగ్గర పడదు. ఆడవలెనను కోరిక ఎప్పుడు పుట్టినదో - జీతపుదినమునా, ఇంట తగవైన రాత్రియా - రోగి దినచర్యలో వ్రాసుకొనును. కోరిక చల్లారువరకు మరొక పనిలో పడుట, డబ్బు ఇంటివారి చేతికిచ్చుట అభ్యసించును.

దీనిని దూరమునుండియు జరుపవచ్చును. స్వీడన్‌లో 66 మందిపై జరిగి 2008లో వెలువడిన పరిశోధనలో చికిత్స పొందినవారు ఎనిమిది వారములు ఇంటర్నెట్టులో పాఠములు చదివి, వారమునకొకమారు చికిత్సకునితో ఫోనులో కొద్ది నిమిషములు మాట్లాడిరి. వారి జూదసమస్య తగ్గినది. తీవ్రమైన మనోవ్యాకులత గలవారిని మాత్రము అందు చేర్చుకొనలేదు. అట్టివారు వైద్యుని స్వయముగా చూడవలసినదే.

కదిరివంటి ఊరిలో మానసిక వైద్యుని వాకిట నిలుచుటకు పెద్ద ఆటంకము దూరము కాదు, సిగ్గు. ఇంటనుండియే పొందు చికిత్సకు విలువ అచటనే. మానసిక సమస్యలకు 2022లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్ 14416 నంబరున తెలుగులోనే, ఉచితముగా సలహా దొరకును. జూదరియే పిలువవలెనని లేదు; తల్లియో, హాస్టలు గదిలోని మిత్రుడో పిలువవచ్చును.