కాటిసీను విన్న చెవితో ‘టోస్కా’

ఒపేరా వినాలని ఉందనే తెలుగువాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. గంటల తరబడి సాగే పూర్తి ఒపేరాల జోలికి ఇప్పుడే పోకండి. ఒక్క పాట పట్టుకోండి, దాన్ని ముగ్గురి గొంతుల్లో వినండి. పద్యనాటకాలు విన్న ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇది కొత్త విద్య కాదు. తెనాలిలో మా నాన్నా, ఆయన స్నేహితులూ హరిశ్చంద్ర కాటిసీను పద్యం ఎవరు బాగా పాడారో తెల్లవార్లూ వాదించుకునేవారు. రాగం ఎక్కడ ఎత్తుకున్నాడు, ఊపిరి ఎక్కడ తీశాడు, ఏ మాట దగ్గర గొంతు వణికింది! సింగపూర్ టోవా పాయోలో మా ఫ్లాట్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నేను వెతికేదీ అదే.

నేను పట్టుకున్నది ఇటలీ స్వరకర్త పుచ్చీని ఒపేరా ‘టోస్కా’. 1900లో రోమ్‌లో మొదటిసారి ఆడారు. టోస్కా పేరున్న గాయని. ఆమె ప్రేమించిన చిత్రకారుణ్ణి పోలీసు అధికారి స్కార్పియా పక్కగదిలో హింసపెట్టిస్తాడు. అతను బతకాలంటే నువ్వు నాకు లొంగాలంటాడు. అక్కడ కథ ఆగిపోతుంది. ఎవరికీ కీడు చెయ్యని నాకెందుకీ శిక్ష అని టోస్కా దేవుణ్ణి నిలదీస్తుంది. ఆ పాట పేరు ‘విస్సి దార్తే’, మూడు నిమిషాల పైచిలుకు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్ర నాటకంలో జాషువా ‘శ్మశానవాటిక’ పద్యాలు పాడేటప్పుడూ కథ అలాగే నిలబడిపోతుంది. జనం వన్స్ మోర్ కొట్టేది అక్కడే.

మొదటిసారి ఒపేరా గొంతులు అరుపుల్లా వినిపిస్తాయి. దానికి కారణం ఉంది. ఒపేరా గాయకులకు మైకు ఉండదు. అరవై డెబ్భై వాద్యాల మీదుగా మాట చివరి వరసదాకా చేరాలి. వాద్యబృందం బలం ఎక్కువగా 500 హెర్ట్జ్ దగ్గర పోగవుతుంది. 3000 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి అది బాగా పలచబడుతుంది. శిక్షణ పొందిన గొంతు సరిగ్గా అక్కడ మెరుపు పుట్టించి వాద్యాలను దాటుకుని వస్తుంది. ఇది తెలిశాక నాకు ఆ గొంతులు కఠినంగా అనిపించడం మానేశాయి.

ఇక ఆ పాటను రికార్డుల్లో పాడిన ముగ్గురు. మరియా కల్లాస్, 1953, మిలాన్ లా స్కాలా బృందంతో, సంచాలకుడు డి సబాటా. రెనాటా టెబాల్డి, 1959. లియోంటీన్ ప్రైస్, 1962, వియన్నాలో సంచాలకుడు కరయాన్‌తో. టెబాల్డిది వెన్నలాంటి గొంతు, ఎక్కడా గరుకు తగలదు. ప్రైస్ కింది స్థాయిలో పొగమబ్బు కమ్ముతుంది. కల్లాస్ గొంతులో గరుకు ఉంది, కానీ ఆమె పలికిన ప్రతి మాటకూ బరువుంది. నాకు ఆమే కావాలి.

ఈ రికార్డులన్నీ కొనక్కర్లేదు. టోవా పాయోలో ఎమ్మార్టీ రైలు ఎక్కి సిటీ హాల్‌లో దిగితే, ఎస్ప్లనేడ్ మూడో అంతస్తులో సంగీత నాటక కళల గ్రంథాలయం ఉంది. 2002లో తెరిచారు. లైబ్రరీ సభ్యత్వం ఉంటే నాక్సాస్ సంగీత భాండాగారం ఇంట్లోంచే వినవచ్చు. క్లౌస్ హైమన్ హాంకాంగ్‌లో నాక్సాస్‌ను మొదలుపెట్టింది 1987లో.  అప్పట్లో సీడీలు చాలా ఖరీదు. వాటిని తక్కువ ధరకు అమ్మి, శాస్త్రీయ సంగీతాన్ని మామూలు ఇళ్లలోకి తెచ్చిన సంస్థ అది. ఏమీ వెతకాలని లేని పూట రేడియోలో శాస్త్రీయ సంగీతం వచ్చే 92.4 పెట్టుకుంటాను.

ఈ రికార్డుల చరిత్రలో మనకూ చోటుంది. 1902 ఏప్రిల్‌లో మిలాన్ హోటల్ గదిలో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డిస్టు ఒపేరా గాయకుడు కరూసో చేత పది పాటలు పాడించాడు. అదే ఏడాది నవంబరులో అదే మనిషి కలకత్తాలో హిందుస్థానీ గాయని గౌహర్ జాన్ గొంతు పట్టుకున్నాడు. ప్లేటు మీద మూడు నిమిషాలే పట్టేది. రాగాన్ని అంతలోకి కుదించి, చివర తన పేరు తానే చెప్పేది ఆవిడ. ఒపేరా ప్లేటూ హిందుస్థానీ ప్లేటూ ఒకే చేతి పని అని తెలిసిన రోజు నాకెంత సంతోషం కలిగిందో!

పాట పట్టుబడ్డాక రెండో అంకం మొత్తం, నలభై నిమిషాలు, మాటల పుస్తకం ఒళ్లో పెట్టుకుని వినండి. ఆ తర్వాత 1953 రికార్డులోనే మొదటి అంకం చివరికి వెళ్లండి. చర్చి గంటలు, ఫిరంగి మోత, ప్రార్థన, వాటన్నిటి మీదుగా స్కార్పియాగా టీటో గొబ్బి గొంతు. అక్కడ వాల్యూమ్ కాస్త పెంచాలి. రాత్రిపూటైతే, పక్క ఫ్లాట్‌వాళ్లు పడుకుని ఉంటారు కనక, హెడ్‌ఫోన్స్‌తో.