వంతెన జాయింట్లలో నీరు దిగితే ఏమవుతుంది?

కడియం నుంచి రాజమహేంద్రవరం మీదుగా కొవ్వూరు వెళ్తుంటే, రోడ్డు కం రైలు వంతెనపై కొంత దూరానికోసారి చక్రాల కింద ‘టక్’మంటుంది. అవే ఎక్స్‌పాన్షన్ జాయింట్లు. 1974లో ప్రారంభమైన ఈ వంతెనను 2023 సెప్టెంబరు చివర్లో మరమ్మతుల కోసం నెల రోజులు మూసేశారు. వంతెనల మరమ్మతులు తారు వేసినంత తేలిగ్గా ఎందుకు తేలవో జాయింట్లను చూస్తే అర్థమవుతుంది.

సందు ఎందుకు వదులుతారు?

ఎండకు ఉక్కు, కాంక్రీటు సాగుతాయి, చల్లబడితే కుంచించుకుపోతాయి. ఈ వంతెనలో 91.5 మీటర్ల స్పాన్లు 27, 45.7 మీటర్లవి 7 ఉన్నాయి. 91.5 మీటర్ల ఉక్కు 30 డిగ్రీలు వేడెక్కితే సుమారు 33 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ కదలికకు చోటివ్వడమే జాయింటు పని.

నీరు ఎలా దిగుతుంది?

తారు నీటిని పూర్తిగా ఆపదు. అందుకే స్లాబుకూ తారుకూ మధ్య వాటర్‌ప్రూఫ్ పొర వేస్తారు. తారులోంచి దిగిన నీరు ఆ పొరపై వాలుకు జారి, జాయింటు అంచున ఆగుతుంది. పొర అక్కడ గట్టిగా అతుక్కోకపోతే నీటికి దారి దొరికినట్టే. సందులో ఇసుక పేరుకుని రబ్బరు సీలు చిరిగినా అంతే.

నష్టం ఏమిటి?

స్లాబులోని కడ్డీలు తుప్పుపట్టి ఉబ్బుతాయి, కాంక్రీటు పెచ్చులూడుతుంది. చాలా వంతెనల్లో బరువు మోసే బేరింగులు స్పాన్ల చివర్లలో, తరచూ జాయింట్ల కిందే ఉంటాయి. ఇక్కడ రోడ్డు కింద ఉక్కు చట్రం, అందులోంచి రైళ్లు. కారిన ప్రతి చుక్కా వాటి మీదే పడుతుంది.

పైన తారు కప్పితే చాలదా?

చాలదు. వంతెన కదలగానే ఆ తారు పగులుతుంది. సరైన క్రమం ఇదీ:

• జాయింటుకు ఇరువైపులా పాత తారు తీసి, దెబ్బతిన్న కాంక్రీటును సరిచేయాలి.
• స్లాబు పూర్తిగా ఆరాక, వాటర్‌ప్రూఫ్ పొరను జాయింటు అంచు దాకా అతికించాలి. తడి మీద అది పట్టదు.
• అంచున ఆగే నీరు బయటికి పోయేలా గొట్టం పెట్టాలి.
• రబ్బరు సీలును మధ్యలో అతుకు లేకుండా వేసి, పిట్టగోడ దగ్గర పైకి మలచాలి.
• నీళ్లు పోసి, కారుతోందేమో కింద నుంచి చూడాలి.

కాంక్రీటు గట్టిపడాలి, పొర అతుక్కోవాలి. వాహనాలను ఆపేది అందుకే.

మీరేం చేయవచ్చు?

జాయింటు పక్కన తారు లేచినా, వాన వెలిశాక నీరు నిలిచినా, నీరు పోయే కన్నాలు మట్టితో పూడినా, ఏ వైపు ఎన్నో దీపస్తంభం దగ్గరో గుర్తుపెట్టుకుని 1100కు ఫోన్ చేయండి. జాతీయ రహదారి వంతెనలైతే 1033. కన్నంలో మట్టి తీయడం పూట పని. అది ఆగితే, రేపు ఆగేది వంతెన మీద రాకపోకలే.