గల్లీ పిల్లి ఇంట్లోకొస్తే

ఉప్పల్ నుంచి నాచారం దాకా పిల్లులకు కొదవ లేదు. నాచారం పారిశ్రామికవాడలో షెడ్లు, గోదాములు, వాటిలో ఎలుకలు. చిలకానగర్, రామంతాపూర్ గల్లీల్లో మలుపుకో చికెన్ సెంటర్, దాని వెనక పారేసిన మెడలు, పేగులు. హబ్సిగూడ, హెచ్ఎంటీ నగర్ అపార్ట్‌మెంట్లలో సెల్లార్లు, వాటిలో మూలన పడేసిన పాత సోఫాలు, కుక్క ఎక్కలేని ప్రహరీలు. తినడానికి ఏదో ఒకటి, దాక్కోవడానికి మూల, తప్పించుకోవడానికి గోడ ఉంటే పిల్లికి అదే సొంతూరు. ఎండలు ముదిరేసరికి ఏదో ఒక సెల్లార్ మూల నుంచి సన్నటి అరుపులు వినబడతాయి. వాచ్‌మన్ తల పట్టుకుంటాడు. మూడో అంతస్తు నుంచి ఎవరో ఒక అమ్మాయి అట్టపెట్టె, పాత చున్నీ పట్టుకుని దిగొస్తుంది.

ఆ అమ్మాయి మనసు మంచిదే. కాకపోతే పెట్టెలో వేసుకుని పైకి తేవడం ఆఖర్న చేయాల్సిన పని. చాలామంది దాన్నే మొదట చేసేస్తారు.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని పెద్దలు ఊరికే అనలేదు. చోటు మీద అనుమానం రాగానే తల్లి ఒక్కో పిల్లను నోట కరుచుకుని వేరే చోటికి చేరవేస్తుంది. రెండింటిని చేర్చి మూడోదాని కోసం వచ్చేలోపు మనం చూశామా, అది మన కళ్ళకు అనాథ. తిండికి వెళ్ళిన తల్లి గంటల తరబడి రాకపోవడమూ మామూలే. పిల్లలు ఒకదానిమీద ఒకటి ముద్దగా పడుకుని, పొట్టలు గుండ్రంగా, ఒళ్ళు శుభ్రంగా ఉంటే తల్లి వచ్చిపోతున్నట్టే. దూరం నుంచి గమనించాలి, పక్కనే కాపలా కూర్చుంటే అది రాదు. ఒళ్ళు చల్లబడి, చీమలు పట్టి, ఆగకుండా అరుస్తుంటే మాత్రం క్షణం ఆలస్యం చేయకూడదు.

అలా తెచ్చిన పసికూనకు పాలకన్నా ముందు వెచ్చదనం కావాలి. చల్లబడ్డ ఒంట్లో పేగులు కదలవు, అప్పుడు పాలు పోస్తే అరగవు. వేడినీళ్ళ సీసాకు తువ్వాలు చుట్టి పక్కన పెట్టి, ఒళ్ళు వెచ్చబడ్డాకే పట్టాలి. ప్యాకెట్ పాలు పడవు. విరేచనాలు పట్టుకుంటే అరచేతిలో ఇమిడే ఆ ప్రాణం ఒక్క రోజులో నీరసించిపోతుంది. పిల్లికూనల కోసమే చేసిన పాలపొడి పెట్ షాపుల్లో దొరుకుతుంది. మన పిల్లల్లా వెల్లకిలా పడుకోబెట్టి పట్టకూడదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తల్లి దగ్గర తాగేటప్పటిలాగే బోర్లా ఉంచి, సిరంజితో చుక్క చుక్కగా పట్టాలి. మూడు వారాల లోపు కూన తనంతట తాను మూత్రం కూడా పోయలేదు, తల్లి నాకితేనే పోస్తుంది. ఆ పని మనం గోరువెచ్చని తడి దూదితో చేయాలి. రెండు మూడు గంటలకోసారి, అర్ధరాత్రి కూడా. పొద్దున మెట్రో ఎక్కి హైటెక్ సిటీ వెళ్ళే ఒంటరి మనిషికి ఇది అయ్యే పని కాదు. మొహమాటం లేకుండా ఆ మాట ఒప్పుకుని, పగలు ఇంట్లో ఉండే మనిషిని వెతకడం ఆ కూనకే మేలు.

ఇక కాస్త పెద్ద పిల్లులు. వీటి విషయంలో గిన్నెలో తిండి పెట్టడం కన్నా ముందు ఆలోచించాల్సింది ఆపరేషన్ గురించి. ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు. చాలా జంతువుల్లోలా కాకుండా పిల్లికి జత కట్టాకే అండం విడుదలవుతుంది. అందుకే ఎదకొచ్చిన పిల్లి చూలు కట్టకుండా మిగలడం అరుదు. ఒకే ఈతలో పుట్టిన పిల్లలకు ఇద్దరు ముగ్గురు తండ్రులూ ఉండొచ్చు. తొమ్మిది వారాలు తిరిగేసరికి నాలుగైదు పిల్లలు. అవి పాలు తాగుతుండగానే తల్లి మళ్ళీ కట్టవచ్చు. పిల్లి ఎదకు రావడం పగటి వెలుగు మీద ఆధారపడి ఉంటుంది. మన దగ్గర చలికాలంలోనూ పగలు మరీ కుంచించుకుపోదు కాబట్టి ఏడాదికి రెండు మూడు ఈతలు వింతేం కాదు.

ఒక్క జంట నుంచి కొన్నేళ్ళలో లక్షల పిల్లులు పుడతాయనే లెక్కలు తిరుగుతుంటాయి, వాటిని నమ్మక్కర్లేదు. అసలు నిజం వాటికన్నా చేదు. అమెరికాలోని నార్త్ కరోలినాలో వీధి పిల్లులను గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు నెలలు నిండకుండానే పిల్లల్లో 75 శాతం చనిపోవడమో కనబడకుండా పోవడమో జరిగింది. సెల్లార్‌లో ఏటా పుట్టేవాటిలో పెద్దవయ్యేవి ఎన్నో అక్కడి వాచ్‌మన్‌నే అడగండి. కార్ల కింద, కుక్కల నోట, జబ్బులతో పోయేవే ఎక్కువ. తిండి మాత్రం పెట్టి ఆపరేషన్ చేయించకపోతే ఈ పుట్టుక, చావుల చక్రానికి మనమే చమురు పోసినట్టు.

అందుకే ప్రపంచమంతా పాటించే పద్ధతి ఒకటుంది. బోను పెట్టి పట్టడం, ఆపరేషన్ చేయించడం, కోలుకున్నాక ఎక్కడ పట్టామో అక్కడే వదలడం. గుర్తుగా ఎడమ చెవి కొస కాస్త కత్తిరిస్తారు. దూరం నుంచే అది కనబడుతుంది కాబట్టి పాపం దాన్నే మళ్ళీ మత్తిచ్చి కోసే ప్రమాదం ఉండదు. అక్కడే ఎందుకు వదలాలి? తిండి, చోటు అలాగే ఉన్నంతకాలం ఖాళీ అయిన సెల్లార్‌లోకి పక్క గల్లీ పిల్లులు వచ్చి చేరతాయి. ఆపరేషనైన పాత పిల్లులు ఉంటే కొత్తవాటిని అంత తేలిగ్గా రానివ్వవు. గోనెసంచిలో కట్టి మూసీ అవతల వదిలొచ్చే పెద్దమనుషులు అన్ని కాలనీల్లోనూ ఉంటారు. తిండిలేక అలమటించే స్థితిలో ఇంటి జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరమే. చంపితే, వికలం చేస్తే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం ఐదేళ్ళ దాకా శిక్ష పడొచ్చు.

కార్పొరేషన్ వాళ్ళు చూసుకోరా అంటే, వాళ్ళ బండి వచ్చేది కుక్కల కోసం. 2001లో వచ్చి 2023లో మారిన కేంద్రం జంతు జనన నియంత్రణ నియమాలు ప్రధానంగా వీధికుక్కల గురించే. 2023 ఫిబ్రవరిలో మన పక్కనే అంబర్‌పేటలో కుక్కలు ఓ పసివాణ్ణి కరిచి చంపాక అందరి దృష్టీ అటే పోయింది, పోవాల్సిందే కూడా. పిల్లి కుక్కలా మీదపడి చంపదు కాబట్టి దాని ఊసు ఎవరికీ పట్టదు. ముంబైలో కార్పొరేషనే పిల్లులకూ ఆపరేషన్లు చేయిస్తుంది. ఇక్కడ మాత్రం ప్రైవేటు డాక్టరో, నారాయణగూడలోని ప్రభుత్వ పశు వైద్యశాలో, 1992లో అక్కినేని అమల స్థాపించిన బ్లూ క్రాస్ లాంటి సంస్థలో దిక్కు. అపార్ట్‌మెంట్‌లో తలా కొంత వేసుకుంటే ఒక ఆడపిల్లి ఆపరేషన్ పెద్ద భారమేం కాదు. వినాయక చవితి చందాలో ఒక వంతు చాలు.

ఇవన్నీ అయ్యాక కూడా కొన్నిటికి ఇల్లే కావాలి. కాలు విరిగినవి, కళ్ళు పోయినవి, మనిషికి పూర్తిగా అలవాటు పడ్డవి. వాటిని తెచ్చినప్పుడు మొదటి రెండు వారాలు విడి గదిలో ఉంచాలి, అది బాత్రూమైనా సరే. ఎందుకంటే పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు టీకా లేని కూనలను రోజుల్లో ఊడ్చేస్తుంది. నిన్నటిదాకా ఆడిన పిల్ల వాంతులు చేసుకుని, నీళ్ళగిన్నె ముందు తల వాల్చి కూర్చుంటుంది, తాగదు. ఆ వైరస్ నేల మీద, గుడ్డల మీద ఏడాది వరకూ బతకగలదు, చెప్పులకు అంటుకుని ఇంట్లోకి రాగలదు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, నాలుగు నెలలు నిండేదాకా విడతలుగా వేయించే టీకాయే దానికి అడ్డు.

ఇక్కడే చాలా ఇళ్ళల్లో ఒక ఘోరం జరుగుతుంది. జబ్బు వచ్చిందనగానే ఇల్లంతా ఫినాయిల్ కొట్టి తుడుస్తారు. దానితో ఈ వైరస్ చావదు, పిల్లికి మాత్రం విషం ఎక్కుతుంది. ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే ఎంజైమ్ పిల్లి కాలేయంలో సరిపడా ఉండదు. తడి నేల మీద నడిచి, పాదాలు నాకుతుంది, అంతే. పారాసిటమాల్‌దీ అదే కథ, జ్వరం వచ్చిందని మనం వేసుకునే మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలదు. పలచగా కలిపిన బ్లీచింగ్ నీళ్ళతో తుడిచి, పది నిమిషాలు ఆగి, మంచినీళ్ళతో కడిగి ఆరనిస్తే వైరస్ పోతుంది. బ్లీచింగ్‌లో యాసిడ్ కలపకండి, వచ్చే వాయువు మనుషులకే ప్రమాదం.

తిండి సంగతి. పెరుగన్నంతో పిల్లి బతుకుతున్నట్టే కనబడుతుంది. కానీ మాంసం, చేపల్లో ఉండే టౌరిన్ దానికి తిండి ద్వారానే అందాలి. లేకపోతే మెల్లగా చూపు పోతుంది, గుండె సాగి బలహీనపడుతుంది. శాకాహారుల ఇళ్ళల్లో ప్యాకెట్ తిండే దారి. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో కేరళలో ఒకాయన మా ఇల్లు శాకాహారం, పిల్లుల బిస్కెట్లు కొనుక్కోవడానికి బయటికి పోనివ్వండని హైకోర్టుకెక్కి మరీ అనుమతి తెచ్చుకున్నాడు. నాలుగు కిలోల పిల్లికి రోజుకు 50, 60 గ్రాముల పొడి తిండి పడుతుంది. పది పిల్లులైతే నెలకు 15 నుంచి 18 కిలోలు. ఈ లెక్క పదో పిల్లి వచ్చాక కాదు, రెండోది వచ్చేటప్పుడే వేసుకోవాలి.

ఎన్నయితే ఎక్కువ అని అందరూ అడుగుతారు. అంకె చెప్పడం కష్టం గానీ, ఒక కొలత ఉంది. పశువైద్యులు చెప్పే సూత్రం ప్రకారం పిల్లుల సంఖ్యకు ఒకటి కలిపితే వచ్చేన్ని ఇసుక ట్రేలు కావాలి. మూడు పిల్లులకు నాలుగు. డబుల్ బెడ్‌రూమ్ కిరాయి ఇంట్లో ట్రేలు పెట్టే చోటు ఎక్కడ అయిపోతే, పిల్లులూ అక్కడ ఆగాలి. ట్రేలు చాలకపోతే పరుపు మీద పోస్తాయి, కొట్టుకుంటాయి, మగవాటికి మూత్రం బిగుసుకుంటుంది. మగపిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, అది ప్రాణాంతకం. ఇంటి ఓనర్లు కంపు అని గొడవపడేది చాలావరకు ఆపరేషన్ కాని మగపిల్లి గోడల మీద చిమ్మే మూత్రం గురించే. ఆపరేషన్ చేయిస్తే ఎక్కువ పిల్లులు ఆ అలవాటు మానేస్తాయి. బాల్కనీకి పావురాల కోసం కట్టే నైలాన్ నెట్ చాలదు, కొరికేస్తాయి, స్టీలు మెష్ కావాలి.

మితిమీరి పోగేయడాన్ని వైద్యశాస్త్రం ఒక మానసిక సమస్యగానే చూస్తుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన డీఎస్ఎం-5లో జంతువులను పోగేయడాన్ని పోగేసే జబ్బు కింద ప్రస్తావించారు. అక్కడ ఆరా తీసేది సంఖ్య గురించి మాత్రమే కాదు. తిండి, శుభ్రత, వైద్యం అందకున్నా, కళ్ళముందే జంతువులు చిక్కిపోతున్నా పట్టించుకోకపోవడం గురించి కూడా. ఇరవై పిల్లులున్నా ప్రతిదానికీ టీకా చీటీ, ఆపరేషన్ తేదీ రాసిన నోట్‌బుక్ ఉన్న ఇల్లు ఉండొచ్చు. ఆరు పిల్లులతోనే దారి తప్పిన ఇల్లూ ఉండొచ్చు. ఇంటికెవరినీ రానివ్వకపోవడం, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం వాయిదా వేయడం, ఎవరైనా పెంచుకుంటామన్నా ఇవ్వబుద్ధి కాకపోవడం మొదలైతే జాగ్రత్త పడాలి. నన్నడిగితే, ఒకదాన్ని మంచి ఇంటికి పంపించాకే ఇంకోదాన్ని తెచ్చుకునేవాళ్ళే పదేళ్ళ తర్వాత కూడా ఈ పనిలో మిగులుతారు.

పిల్లి కరిచినా, గీరి రక్తం వచ్చినా 15 నిమిషాలు సబ్బునీళ్ళతో ధారగా కడగాలి. తర్వాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)కో వెళ్ళి రేబిస్ టీకా గురించి అడగాలి. ఇంట్లో పిల్లి కదా అని ఊరుకోకూడదు. మూడు నెలల వయసు నుంచి దానికీ ఆ టీకా వేయించాలి.

ఇంట్లోనే ఉండే పిల్లి పన్నెండు, పదిహేనేళ్ళు బతుకుతుంది. మన వైపు వీటిని పెంచేవాళ్ళలో రిటైరైన దంపతులు చాలామంది. కూతురి పురుడుకని అమెరికా వెళ్తే ఆరు నెలలు అక్కడే. టికెట్ తీయకముందే ఇంటి తాళం ఎవరి దగ్గర ఉంటుందో, ఇసుక మార్చడానికి ఎవరొస్తారో, ఏ పిల్లికి ఏ మందు పడదో రాసిన నోట్‌బుక్ ఎక్కడ పెట్టారో పక్కింటివాళ్ళతో కూర్చుని మాట్లాడుకోవాలి. డాక్టరు దగ్గర కొంత అడ్వాన్సు కట్టి వెళ్తే మరీ మంచిది, రాత్రి పది గంటలకు వాట్సాప్‌లో డబ్బులు అడగాల్సిన ఇబ్బంది పక్కింటావిడకు ఉండదు.