ఆపరేషన్ వద్దంటే ఆశ వదిలినట్లేనా?

"గడ్డ ఉన్నదంటున్నారు కదా, కోసి తీసివేయండి డాక్టరుగారూ!"

గర్భాశయ ముఖద్వారంలో రాచపుండు బయటపడిన స్త్రీ భర్తో, కొడుకో చేతులు జోడించి అడిగే మాట ఇది. వ్యాధి ముదిరిందనీ, ఆపరేషన్ కాక రేడియేషన్, మందులు ఇవ్వవలసి ఉంటుందనీ వైద్యుడు చెప్పగానే వారి గుండె జారిపోతుంది. వైద్యులు చేతులెత్తేశారనే అనుకుంటారు. కొందరు అటునుంచి అటే ఇంటిదారి పడతారు. 2022లో భారతదేశంలో ఈ క్యాన్సర్ వలన సుమారు 80,000 మంది స్త్రీలు మరణించారని అంచనా. కనుక ఈ అపోహ చిన్న విషయం కాదు.

1898లో వియన్నా నగరంలో ఎర్నెస్ట్ వెర్ట్‌హైమ్ అనే వైద్యుడు గర్భాశయాన్నీ, చుట్టూ ఉన్న కణజాలాన్నీ కలిపి తొలగించే పెద్ద శస్త్రచికిత్స చేశాడు. అదే సంవత్సరం పారిస్‌లో క్యూరీ దంపతులు రేడియంను కనుగొన్నారు. ఆ విధంగా ఒకే ఏడాది పుట్టిన కత్తి, కిరణం ఈ వ్యాధిపై వైద్యులకు రెండు ఆయుధాలయ్యాయి.

చిన్న కణితిని కత్తితో తొలగించవచ్చు. కాని అది నాలుగు సెంటీమీటర్లు మించినా, పక్కనున్న కణజాలంలోకి పాకినా చిక్కు వస్తుంది. ముందు మూత్రాశయం, వెనుక పురీషనాళం, ఇరుపక్కలా మూత్రనాళాలు! కంటికి కనబడని క్యాన్సర్ కణాలు మిగిలిపోతే ఆపరేషన్ తరువాత కూడా రేడియేషన్ తప్పదు. అప్పుడు రెండు చికిత్సల బాధలనూ రోగి భరించవలసి వస్తుంది.

రేడియేషన్‌తోపాటు సిస్‌ప్లాటిన్ అనే మందు ఇస్తే మరణాలు తగ్గుతాయని అయిదు పరిశోధనలు తేల్చగా, 1999లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ ఆ సంగతిని వైద్యులకు ప్రత్యేకంగా తెలియజేసింది. ఈ మందు క్యాన్సర్ కణాలను కిరణాల ధాటికి లొంగేలా చేస్తుంది.

అయితే మందులతో కణితిని ముందుగా కుదించి, ఆపైన ఆపరేషన్ చేస్తే ఇంకా మేలు కాదా? ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు ఈ ప్రశ్నను పరీక్షకు పెట్టారు. 2003 నుంచి 2015 వరకు చికిత్సకు వచ్చిన 633 మంది స్త్రీలను, చీటీలు వేసినట్లుగా, రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి మూడు విడతల మందులు, ఆపైన ఆపరేషన్. రెండవ వర్గానికి రేడియేషన్, దానితోపాటు వారం వారం సిస్‌ప్లాటిన్.

ఫలితాలు 2018లో వెలువడ్డాయి. అయిదేళ్లకు వ్యాధి తిరగబెట్టకుండా జీవించి ఉన్నవారు ఆపరేషన్ వర్గంలో 69.3 శాతం, రేడియేషన్ వర్గంలో 76.7 శాతం. మొత్తం మీద బ్రతికి ఉన్నవారి సంఖ్య రెండింటిలోనూ దాదాపు సమానమే. కత్తి అదనంగా ప్రాణాలు నిలపలేదు; వ్యాధిని అదుపులో ఉంచటంలో వెనుకబడింది కూడా.

రేడియేషన్‌కూ మూల్యం లేకపోలేదు. రెండేళ్ల తరువాత యోని సంబంధమైన ఇబ్బందులు ఆ వర్గంలో 25.6 శాతం మందిలో కనిపించగా, ఆపరేషన్ వర్గంలో 12 శాతం మందిలోనే కనిపించాయి. రోగికి ఈ సంగతి ముందే చెప్పటం వైద్యుని ధర్మం.

శస్త్రచికిత్స కాలం చెల్లిందనీ కాదు. తొలిదశలో అది నేటికీ ప్రధాన చికిత్సే. రేడియేషన్ తరువాత కూడా కణితి మిగిలితే, తగిన వారికి ఆపరేషన్ చేస్తారు.

వారానికి అయిదు రోజుల చొప్పున సుమారు అయిదు వారాలు బయటినుంచి కిరణాలు. ఆపైన కణితి చెంతనే కిరణ మూలాన్ని ఉంచి ఇచ్చే లోపలి రేడియేషన్. ఇదంతా ఎనిమిది వారాలలో ముగియాలి. ఆలస్యమైన కొద్దీ క్యాన్సర్ కణాలు తిరిగి పుంజుకుంటాయి. కూలికి పోతే తప్ప పూట గడవని ఇంట్లో అన్ని రోజులు ఆసుపత్రి చుట్టూ తిరగటం సామాన్యమైన కష్టం కాదు. అయినా "ఆపరేషన్ వద్దు" అన్న మాట విని ఇంటిదారి పట్టవలసిన పని లేదు. అసలు చికిత్స మొదలయ్యేది అక్కడే.