తెల్లచెక్క నేర్పిన పాఠం

లెక్చరరుగా చేరిన కొత్తలో, మొదటి జీతంలో సగం పెట్టి పాతబస్తీలో ఒక పుస్తకాల బీరువా కొన్నాను. "అసలైన వాల్‌నట్ సార్, తరాలు నిలుస్తుంది" అన్నాడు దుకాణదారు. రెండు వర్షాకాలాలు గడిచాయో లేదో, అరల కింద మెత్తటి తెల్లపిండి రాలడం మొదలైంది. నాన్నగారి నిఘంటువు పెట్టిన అర ఒకరోజు ఫెళ్లున విరిగింది.

శాలిబండ నుంచి వచ్చిన వడ్రంగి మేస్త్రీ ఉలితో పాలిష్ గీకి చూసి నవ్వాడు. "ఇది వాల్‌నట్టూ కాదు, గీల్‌నట్టూ కాదు సార్. దిరిసెన. అదీ చేవ కాదు, చేవ చుట్టూ ఉండే తెల్లచెక్క. రంగేసి అమ్మారు."

సిగ్గేసింది. వృక్షశాస్త్రం క్లాసులో ఏటా రసదారువు బొమ్మ గీసేది నేనే మరి!

దిరిసెనకు కలప వ్యాపారంలో 'ఈస్ట్ ఇండియన్ వాల్‌నట్' అని పేరు. పేరే గాని చుట్టరికం లేదు. అసలు వాల్‌నట్, అంటే కాశ్మీరు అక్రోటు, వేరే కుటుంబం. దిరిసెన చిక్కుడు కుటుంబం. అయితే రెండింటిలోనూ లోపల గోధుమరంగు చేవ, దాని చుట్టూ పాలిపోయిన రసదారువు ఉంటాయి.

రసదారువు చెట్టుకు నీళ్లు మోస్తుంది, పిండిపదార్థం దాచిపెడుతుంది. పాతబడిన పొరల్లో కణాలు చనిపోతూ రంగు పదార్థాలను నింపుకుంటాయి. అదే చేవ. ఆరిన తెల్లచెక్క బలంలో చేవకు పెద్దగా తీసిపోదు. తేడా అంతా మన్నికలోనే. పిండిపదార్థం కోసం లిక్టస్ అనే చిన్న పురుగు వస్తుంది. చెక్కలోని సన్నటి నాళాల్లో గుడ్లు పెడుతుంది. లార్వాలు లోలోపల తిని చెక్కను పిండి చేస్తాయి. ఎదిగిన పురుగు ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రటి కన్నం చేసుకుని బయటికొస్తుంది. మనం కన్నం చూసేసరికి లోపల జరగాల్సింది జరిగిపోయే ఉంటుంది.

అలాగని తెల్లచెక్కను పొయ్యిలో పెట్టనక్కర్లేదు. అమెరికా మిల్లుల్లో వాల్‌నట్ పలకలకు ఆవిరి పట్టి తెల్లచెక్కను నల్లబరుస్తారు. దాంతో రంగు కలుస్తుంది గాని మన్నిక రాదు. మన్నిక కావాలంటే మందు పెట్టాలి. తెల్లచెక్క ద్రవాలను బాగా పీలుస్తుంది కాబట్టి, పచ్చిగా ఉండగానే బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో నానబెడితే పురుగు పట్టదు. కాకపోతే వానలో తడిస్తే ఆ మందు కొట్టుకుపోతుంది. ఇంట్లో వాడే వస్తువులకే అది పనికొస్తుంది. అలాంటి చెక్కతో పెట్టెలు, గిన్నెలు చేయొచ్చు. చేవ పక్కన తెల్లగీతలా పొదిగితే అందం కూడా.

మేస్త్రీ ఆ అర తీసేసి టేకుపలక వేశాడు. నిఘంటువు ఇప్పటికీ దానిమీదే ఉంది.

మిత్రులారా, సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒకే కొయ్యలో ముందు మెఫిస్టోఫిలిస్, వెనక మార్గరెట్టా ఉన్న శిల్పం చూసే ఉంటారు. వెనకవైపు కనబడేందుకు అక్కడ అద్దం పెట్టారు. బీరువా కొనేటప్పుడు ఆ అద్దం ఎవరూ పెట్టరు. పాలిష్ పడని వెనకభాగం మనమే వంగి చూసుకోవాలి.