డీజిల్ మడ్డి: ఇంజను మొండికేయకముందే జాగ్రత్త పడదాం

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మన హాస్టల్లో ఉండే పిల్లల్లో ఎక్కువమందిమి సేద్యం మీద బతికే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లమే. మన ఇంట్లో కాకపోయినా పక్కింట్లోనైనా ఒక ఆయిల్ ఇంజనో, ట్రాక్టరో, స్ప్రేయర్ ఇంజనో ఉంటుంది. దాని పక్కనే మూలన ఒక డీజిల్ డ్రమ్మో క్యానో ఉంటుంది. ఇంజను గురించి అందరూ మాట్లాడతారు. డ్రమ్ము అడుగున ఏముందో చూసేవాళ్లు తక్కువ. ఈ హాస్టల్లో చదువుకుని, తర్వాత ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడు నేర్చుకున్న మేము ఆ అడుగున చేరే మడ్డి గురించి నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

మనకే ఎందుకు ముఖ్యం?

మన అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడుతుంది. అదీ వరుసగా పడదు. జూన్, జూలైలలో శెనక్కాయ విత్తుతాము. ఊడలు దిగి కాయ ఊరే సమయానికి వాన ముఖం చాటేస్తే ఒక్క తడి కోసం రైతు ప్రాణం కొట్టుకుంటుంది. 2016 ఆగస్టులో ఇలాగే చేలు ఎండుతుంటే ప్రభుత్వం రెయిన్‌గన్లు, ఆయిల్ ఇంజన్లు పంపి వేరుశనగకు రక్షక తడి ఇచ్చే కార్యక్రమం చేపట్టింది. ఫారంపాండ్‌లో ఉన్న కాసిన్ని నీళ్లు చేనుకు చేరాలంటే ఆ రోజు ఇంజను తిరగాలి. మిగిలిన నెలలంతా ఊరికే పడి ఉన్న ఇంజను సరిగ్గా ఆ రోజే మొరాయిస్తే, మెకానిక్ వచ్చి బాగుచేసేలోపు పైరు వాడిపోతుంది. అందుకే మడ్డిని చిన్న విషయం అనుకోరాదు.

ఇంకో సంగతి. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. మన పంటకూ ఈ ఇంజనుకూ అంత పాత చుట్టరికం ఉంది!

మడ్డి ఎలా పుడుతుంది?

మడ్డి అంటే మట్టి ఒక్కటే కాదు. అది నాలుగు వస్తువుల కలయిక.

మొదటిది నీరు. సగం ఖాళీగా ఉన్న డ్రమ్ములో మిగతా సగం గాలి ఉంటుంది. పగలు ఎండకు ఆ గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. రాత్రి చల్లబడగానే సంకోచించి బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. ఆ గాలిలోని తేమ చల్లటి రేకుకు తగిలి చుక్కలుగా కారుతుంది. నిలబెట్టిన డ్రమ్ము మీద వాన నీరు నిలిస్తే బిరడా వదులుగా ఉన్న చోట ఆ నీటిని కూడా పీల్చుకుంటుంది. డీజిల్ కంటే నీరు బరువైనది కాబట్టి అడుగున చేరుతుంది.

రెండవది సూక్ష్మజీవులు. బ్యాక్టీరియా, బూజు డీజిల్‌ను తిని బతుకుతాయి. కానీ వాటికి నీరు కావాలి. అందుకే నీరు, డీజిల్ కలిసే గీత దగ్గర కాపురం పెడతాయి. నల్లగా, జిగటగా కనిపించే పొర అదే. అవి వదిలే ఆమ్లాలు ఇనుమును తింటాయి.

మూడవది జిగురు. డీజిల్ ఎక్కువకాలం నిలవుంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా మారుతుంది. వేడి ఎక్కువైతే ఈ పని వేగంగా జరుగుతుంది. మన ఎండాకాలం సంగతి చెప్పనక్కరలేదు. రాగి, జింకు తగిలినా డీజిల్ త్వరగా చెడుతుంది. అందుకే జింకు పూత ఉన్న డబ్బాల్లో డీజిల్ నిలవ చేయకూడదు.

నాలుగవది దుమ్ము, తుప్పు. మన గాలికాలంలో ఎర్రదుమ్ము ఎక్కడికైనా దూరుతుంది. మూత లేని క్యాను దానికి తలుపు తీసిన ఇల్లు.

ఇంజనులో ఏం జరుగుతుంది?

డీజిల్ పంపులో ప్లంజరుకూ బ్యారెల్‌కూ మధ్య ఖాళీ రెండు మూడు మైక్రాన్లే. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే కంటికి కనిపించని దుమ్ము కూడా అక్కడ గీతలు పెట్టగలదు. ఆ భాగాలకు డీజిలే కందెన. దానిలో నీరు కలిస్తే కందెన పోయి అరుగుదల, తుప్పు మొదలవుతాయి. నాజిల్ కొసన నీరు ఒక్కసారిగా ఆవిరై కొసను దెబ్బతీస్తుంది. జిగురు నాజిల్ రంధ్రాలను మూస్తుంది. అప్పుడు డీజిల్ మంచులా చిమ్మాల్సింది పోయి ధారలా కారుతుంది, సరిగా మండదు.

గుర్తులు ఇవి: స్టార్ట్ కావడానికి మొరాయించడం, నల్లటి పొగ, లోడు పడగానే చప్పుడు తగ్గిపోవడం, ఫిల్టరు పదేపదే మూసుకుపోవడం, డీజిల్‌కు పుల్లటి వాసన రావడం.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. అమెరికాలో మెయిన్ వంటి చలి రాష్ట్రాలలో చాలా ఇళ్లను వేడిచేయడానికి డీజిల్ లాంటి నూనెనే బర్నర్లలో మండిస్తారు. అక్కడి ట్యాంకుల్లోనూ ఇదే మడ్డి. ట్యాంకరు వచ్చి కొత్త నూనె పోసినప్పుడు అడుగు కలియబడి బర్నరు మూసుకుపోతుందని, నింపేటప్పుడు బర్నరు ఆపి మడ్డి తేరుకున్నాకే వెలిగించమంటారు. సూత్రం ఒక్కటే: కదిలించిన నూనెను వెంటనే వాడకూడదు.

సీసా పరీక్ష

దీనికి పైసా ఖర్చు లేదు. శుభ్రమైన, పొడి గాజుసీసా తీసుకుని డ్రమ్ము అడుగు నుంచి కొంచెం డీజిల్ పట్టి గంటసేపు కదల్చకుండా ఉంచాలి. సీసా వెనుక అక్షరాలు స్పష్టంగా కనిపిస్తే మంచిదే. మసకగా ఉంటే నీరు కలిసి ఉంది. అడుగున వేరే పొర కనిపిస్తే అది నీరు. మధ్యలో నల్లటి తెర ఉంటే సూక్ష్మజీవులు చేరినట్టు.

పాటించవలసినవి

1. అవసరమైనంతే కొనాలి. మన ఎండలకు మూడు నెలలకు మించి నిలవ ఉంచకపోవడం మంచిది. ముందు కొన్నది ముందు వాడాలి.

2. డ్రమ్మును నీడలో, నేలకు తగలకుండా దిమ్మె మీద పెట్టాలి. కొంచెం వాలుగా ఉంచి, బిరడాలు ఉన్న వైపు నీరు నిలవకుండా చూడాలి.

3. పని అయిపోయాక సాయంత్రమే ఇంజను ట్యాంకు నింపాలి. గాలికి చోటు తగ్గితే తేమకూ చోటు తగ్గుతుంది.

4. డ్రమ్మును కదిలించినా, కొత్త డీజిల్ పోసినా ఒక రోజు తేరుకోనివ్వాలి. గొట్టం మొనను అడుగు నుంచి మూడు అంగుళాల పైన ఉంచి తీయాలి.

5. సన్నటి జల్లెడ ఉన్న గరాటు వాడాలి. నూలు పోగులు ఊడే గుడ్డతో వడగట్టకూడదు.

6. ఫిల్టరు గిన్నె కింది బోల్టు వదులుచేసి నీటిని అప్పుడప్పుడు వదలాలి. కంపెనీ చెప్పిన గంటలకు ఫిల్టరు మార్చాలి. తర్వాత లైనులో ఎయిర్ తీయడం మరువరాదు.

7. ఊరికే ఉన్న ఇంజనును నెలకోసారైనా కాసేపు తిప్పాలి. జనరేటరుకూ ఇదే వర్తిస్తుంది.

సూక్ష్మజీవులను చంపే మందులు ఉన్నాయి. కానీ అడుగు నీరు తీయకుండా మందు పోస్తే డబ్బు దండగ. చచ్చిన మడ్డి కూడా ఫిల్టరునే మూస్తుంది.

ప్రాణం ముందు, ఇంజను తర్వాత

గొట్టం పెట్టి నోటితో డీజిల్ పీల్చడం మన ఊళ్లలో మామూలైపోయింది. దయచేసి మానండి. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోయినా ప్రాణం మీదికి రావచ్చు. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. చేతిపంపు ధర చాలా తక్కువ.

ఖాళీ డ్రమ్మును వెల్డింగ్ చేయడం, గ్యాస్ కట్టర్‌తో కోయడం నిండు డ్రమ్ము కంటే ప్రమాదం. లోపల మిగిలిన ఆవిరి గాలితో కలిసి బాంబులా పేలుతుంది. పెద్ద ట్యాంకులోకి దిగి కడగకండి, లోపల ఊపిరాడదు. దగ్గర బీడీ, సిగరెట్టు వద్దు. తీసిన మడ్డిని బావి దగ్గరో వంకలోనో పారబోయకండి. నీళ్లే లేని నేలలో ఉన్న నీటినీ పాడుచేసుకున్నవాళ్లమవుతాము. మూతున్న డబ్బాలో పోసి, వాడిన ఆయిల్ సేకరించేవాళ్లకు అప్పగించండి.

తమ్ముళ్లారా, సైన్సు పుస్తకంలో సాంద్రత, వ్యాకోచం, ఆక్సీకరణం అని చదువుతున్నారే, అవన్నీ మీ ఇంటి డ్రమ్ములోనే ఉన్నాయి. ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు సీసా పరీక్ష చేసి నాయనకూ అమ్మకూ చూపించండి. చదువుకున్న బిడ్డ ఇంటికి చేసే మేలు ఉద్యోగం వచ్చాకే మొదలవ్వాలని లేదు. పైరు ఎండే రోజున ఇంజను ఒక్క పట్టుకే అందుకుంటే ఆ ఫలితం మీదే.